గోడ వెనక నిప్పు

గోడ చల్లగానే ఉంది. ఫెస్టస్ అరచెయ్యి తీసి, ప్యాంటుకు తుడుచుకుని, మళ్ళీ ఆనించాడు, తప్పు చేతిదేమో అన్నట్టు. చేతిది తప్పేమీ లేదు. గోడకు అవతల, ముందుగదిలో, కొత్త ఇనుప పొయ్యి గాజు తలుపు వెనక మంట భేషుగ్గా మండుతోంది, ఇనుము వేడెక్కుతూ టిక్కుటిక్కుమంటున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది, కిటికీ బయట వాన ఎప్పటిలాగే సముద్రం వైపు నుంచి అడ్డంగా కొడుతోంది, మధ్యాహ్నం మూడు దాటిందో లేదో నవంబరు వెలుతురు అప్పుడే మూటాముల్లె సర్దుకుంటోంది, అన్నీ వాటి వాటి పని చేస్తున్నాయి, ఈ గోడ తప్ప. మంచం మీద అక్క సబీనా కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి గోడకు ఆనించి పడుకుంది. సున్నం మీద ఆ చెయ్యి ఆనే చోటు ఎన్నో ఏళ్ళుగా నునుపుదేరి నల్లబడింది. ఆమె ఊపిరి లోపలికి వెళ్ళేటప్పుడు ఒక చప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఇంకో చప్పుడు, రెంటికీ మధ్య వచ్చే ఖాళీ అంటేనే ఫెస్టస్‌కు భయం.

"అంటుకుందా?" అంది కళ్ళు తెరవకుండానే.

"అంటుకుందక్కా. పెళ్ళివారిల్లులా వెలిగిపోతోంది ముందుగది."

"మరి గోడేంట్రా ఇలా ఉంది?"

"ఇప్పుడేగా వెలిగించింది. రాతిగోడ. టైం పట్టదా?"

పట్టదు, పట్టేది కాదు, చిన్నప్పుడు అమ్మ పొద్దున్నే బూడిద పక్కకు తీసి బురదనేలలోంచి కోసి ఎండబెట్టిన పీట్ గడ్డలు నాలుగు నిలబెడితే, పాలు పితికి వచ్చేలోగా ఇవతలి గదిలో గోడ గోరువెచ్చనయ్యేది, తరువాత దేశం వదిలి వెళ్ళిపోయిన అన్నతో కలిపి ముగ్గురు పిల్లలు ఒకే మంచం, గోడవైపు ఎవరు పడుకోవాలని రోజూ యుద్ధమే, వంతులు వేసుకునేవాళ్ళు, ఫెస్టస్ వంతు రోజు సబీనా ముందే ఎక్కి పడుకుని గురకపెట్టినట్టు నటించేది, నటనని తెలిసినా లేపే ధైర్యం ఎవరికుంది, వీపు గోడకు ఆనించి పడుకుంటే ఆ వెచ్చదనం వెన్నులోంచి మెల్లగా కడుపులోకి దిగేది, బయట ఎంత గాలి వీచినా ఇంటికి ఒక శరీరం ఉందని, అది మేలుకునే ఉందని తెలిసేది. అమ్మ రొట్టెపిండి పొంగడానికి ఆ గోడ పక్కనే పెట్టేది. నాన్న పడవ మీంచి తడిసి వస్తే ముందుగదిలో ఆవిర్లు కక్కుతూ నిలబడి, తరువాత ఇక్కడికొచ్చి గోడకు వీపు రాసుకునేవాడు, ఎద్దులా రాసుకోకు, సున్నం రాలుతుందని అమ్మ తిట్టేది. అమ్మ పోయింది కూడా ఈ మంచం మీదే, ఈ గోడకు చెయ్యి ఆనించే. కప్పడం మర్చిపోకు అన్నదట సబీనాతో, అంతే, కొడుకుల గురించి కాదు, పొలం గురించి కాదు, నిప్పు కప్పడం మర్చిపోకు. ఆ రాత్రి శవం ఇంట్లో ఉండగానే సబీనా మోకాళ్ళ మీద కూర్చుని, నిప్పుల మీద బూడిద కప్పి, పొయ్యిని కాచే పునీత బ్రిజిడ్‌కు అమ్మ చదివే ప్రార్థన తాను చదివింది. అప్పటినుంచి ఒక్క రాత్రి తప్పలేదు.

ముత్తవ్వ ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటి పొయ్యిలోంచి ఇనపకుండలో తెచ్చిన నిప్పు అది. రాత్రి బూడిద కింద దాచడం, పొద్దున్నే తీసి ఊదడం, అంతే తప్ప ఈ ఇంట్లో కొత్తగా అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించింది లేదు. ఊరివాళ్ళు నవ్వేవాళ్ళు. సబీనా నిప్పునే పెళ్ళాడిందిరా అనేవాళ్ళు. నిజానికి చేపలు కొనడానికి వచ్చే మార్టిన్ ఆమెను అడిగాడు, ఒకసారి కాదు, టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి. నేనొస్తే పొయ్యి ఎవరు కప్పుతారు అందట. నీ తమ్ముడున్నాడుగా అన్నాడట. వాడా, వాడు గుడ్డు ఉడకబెడితే గిన్నె మాడుతుంది అందట. ఈ మాట ఆమే చెప్పి పగలబడి నవ్వేది, ఫెస్టస్ కూడా నవ్వేవాడు, నవ్వాక గొడ్లసావిడిలోకి వెళ్ళి ఊరికే నిలబడేవాడు. నిప్పు కోసం ఆగిపోయిందా, తన కోసం ఆగిపోయిందా? అడగలేదు. ఏ జవాబొచ్చినా మోయలేనని తెలుసు.

ఆ నిప్పే ఆమెను చంపుతోందని వసంతంలో డాక్టరు చెప్పాడు, అంత మొరటుగా కాదు గాని అర్థం అదే. పడమటి గాలి వీచినప్పుడల్లా పొగ వెనక్కి తన్నే పొయ్యి ముందు ఒక జీవితకాలం వంగితే ఊపిరితిత్తులు ఏమవుతాయో అవే అయ్యాయి. పొయ్యి ఆర్పేసి కరెంటు హీటర్ పెట్టుకోండన్నాడు. సబీనా ఆయన వెళ్ళేదాకా ఆగి, తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి ఒక్కటే అడిగింది. "నేను పోయేటప్పటికి ఈ ఇంట్లో నిప్పుండాలి. అంతేరా. ఇంకేం అడగను." జీవితంలో ఆమె అతన్ని అడిగిన మొదటి కోరిక అదే, ఒక్కటి అడిగింది, అదీ పొగ లేకుండా తీర్చాలి.

అందుకే కోల్మన్‌ను పిలిచాడు. పినతల్లి మనవడు, పొగగొట్టాలు తుడవడం, ఇనుప పొయ్యిలు బిగించడం వాడి పని. వచ్చీరాగానే పాత పొయ్యి గూట్లోకి తల దూర్చి, టార్చి వేసి, పైకి చూసి ఈల వేశాడు. "నిప్పు లేనిదే పొగ రాదంటారు గదా బాబాయ్, నేను పొగ లేని నిప్పు ఇస్తా చూడు" అన్నాడు. వాడి వివరణ విన్నప్పుడు ఫెస్టస్‌కు ధైర్యం వచ్చింది: గూడు వెనకున్న పగిలిన ఇటుకలు పీకెయ్యాలి, చిమ్నీ మెడ దగ్గర ఇరుకు కొట్టి వెడల్పు చెయ్యాలి, ఇనుప పెట్టెలాంటి పొయ్యిని గూట్లోకి తోసి బిగించాలి, దాని నెత్తి మీంచి చిమ్నీ కొసదాకా ఒకటే స్టీలు గొట్టం, పొగంతా అందులోంచి పోతుంది, ఒక్క పోగు కూడా గదిలోకి రాదు, పెద్దమ్మకి ఊపిరి ఆడుతుంది. పీట్ మాత్రం వద్దు, ఎండిన కట్టెలే. కట్టెలకేం కొదవ, దొడ్డి చుట్టూ తాత నాటిన యాష్ చెట్లకు తెగులు సోకి నిలువునా చస్తున్నాయి, పోయిన ఏడాది కొట్టినవి షెడ్డు నిండా ఉన్నాయి. ఈ ఇంట్లో ఎవరు చచ్చినా ఇంకొకరికి వెచ్చదనమే.

అయితే పని జరిగే వారం పొయ్యి చల్లారాలి. సబీనా మంచం మీంచే దండనాయకురాలిలా హుకుంలిచ్చింది: "బకెట్లో అడుగున బూడిద పొయ్యి. నిప్పులు పెట్టి పైన మళ్ళీ బూడిద. గాలికి ఎదురు నడవకు. దార్లో ఎవడు పలకరించినా నిలబడకు, నిప్పు పట్టుకుని నిలబడ్డోడు దరిద్రాన్ని నిలబెట్టినట్టే. బార్ట్లీ పెళ్ళానికి చెప్పు, కప్పేటప్పుడు బూడిద పొడిగా ఉండాలని." పొరుగున బార్ట్లీ ఇంట్లో మాత్రమే ఇంకా తెరిచిన పొయ్యి ఉంది, ఆ వారం నిప్పును అక్కడే దాచాలి. ఫెస్టస్ చర్చి ఊరేగింపులో దేవుడి ప్రసాదం మోస్తున్నంత జాగ్రత్తగా బకెట్ మోసుకెళ్ళాడు. ఎదురొచ్చిన పోస్టుమ్యాన్ ఏంటి ఫెస్టస్ అంటే తలైనా ఊపలేదు. వెనక్కి వచ్చేసరికి ముందుగదిలో కోల్మన్ సుత్తి మొదలైంది, పాత ఇటుకలు ఒక్కొక్కటే ఊడి వస్తున్నాయి, పైనుంచి కాకిగూళ్ళ పుల్లలు, మసి, ఎప్పుడో చచ్చిన పిట్ట ఎముకలు గంపల కొద్దీ రాలాయి, ఇంటి పేగులు బయటికి తీస్తున్నట్టు అనిపించి ఫెస్టస్ చూడలేక సబీనా గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రాత్రే గోడ చల్లారింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. నర్సు తెచ్చిన హీటర్ మూల నిలబడి ఎర్రగా చూస్తూ ఉంది, సబీనా దానివైపు తిరగలేదు. దానికి ప్రాణం లేదు అంది. గోడ మీద చెయ్యి మాత్రం తీయలేదు, బతికొస్తుందని రోగి పక్కన కాపలా కాసినట్టు.

ఇవాళ పొద్దున గొట్టం దించారు. కోల్మన్ కప్పు మీద, ఫెస్టస్ కింద గూట్లో మోకాళ్ళ మీద, తాడు పట్టుకుని. లాగు బాబాయ్, లాగకు, కొంచెం ఎడమకి, ఆఁ ఇప్పుడు లాగు, వాడి గొంతు చిమ్నీలోంచి పైలోకం నుంచి వచ్చినట్టు వచ్చేది. గొట్టం ముక్కు మసిలోంచి మెరుస్తూ కిందికి దిగింది. తరువాత పొయ్యి తోశారు, బిగించారు, సిమెంటు పూశారు. ఆ పైన కోల్మన్ మళ్ళీ కప్పెక్కి సంచుల కొద్దీ తేలికపాటి బూడిదరంగు గింజలు చిమ్నీలోకి ఒంపాడు, గొట్టం చుట్టూ, పొయ్యి వెనకా ఉన్న సందంతా నిండేదాకా, గాదెలోకి ధాన్యం జారినట్టు గోడలోపల జరజరా జారాయి. అప్పుడు సబీనా దగ్గరే ఉన్నాడు. ఆమె కళ్ళు తెరిచి, "గోడలో వాన పడుతోందిరా" అంది, చిన్నపిల్లలా. అతనూ నవ్వాడు. ఆ చప్పుడు వింటూ ఇద్దరూ నవ్వుకున్నారు, దేవుడా, నవ్వుకున్నారు.

తరువాత బార్ట్లీ ఇంటికి బకెట్ తీసుకుని వెళ్ళాడు. బార్ట్లీ గుమ్మంలోనే ఎదురయ్యాడు, నిప్పులు నింపిన పాత బకెట్ ఒకటి అప్పటికే సిద్ధంగా మెట్టు మీద ఉంది, లోపలికి రా, టీ తాగు అనలేదు, పుట్టినప్పటినుంచి అనకుండా ఉన్నది లేదు. "నీ నిప్పు క్షేమంరా, నా పెళ్ళాం కన్నబిడ్డలా చూసింది" అన్నాడు, అంటూ బూటు వైపు చూసుకున్నాడు. దారిలో గాలి తిరిగినప్పుడు బకెట్లోంచి కిరసనాయిలు వాసన వచ్చింది. పీట్ నిప్పుకు ఆ వాసన రాదు. ఏ రాత్రి ఆరిపోయిందో, ఎంత ఊదారో పాపం, బూడిద తడిసిందేమో, చెప్పే మొహం లేక పొద్దున్నే నూనె పోసి అగ్గిపుల్ల గీశారు. ఫెస్టస్ దారిలో నిలబడిపోయాడు. నిప్పు పట్టుకుని నిలబడకూడదని తెలిసే నిలబడ్డాడు, నిలబెట్టడానికి దరిద్రం ఇంకేం మిగిలిందని. వెనక్కి వెళ్ళి బార్ట్లీ కాలరు పట్టుకోవాలనిపించింది, ఆ మరుక్షణమే వాడి బూట్లు గుర్తొచ్చి జాలేసింది. ముత్తవ్వ తెచ్చిన నిప్పు పోయింది. ఈ భూమ్మీద ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు, నాలుగో మనిషికి తెలియకూడదు. ఇంటికొచ్చి ఆ నిప్పులే పొయ్యిలో పోసి, పైన యాష్ చితుకులు పేర్చాడు. మన నిప్పేనా అని గోడ అవతలినుంచి అడిగింది. మనదే అక్కా అని గట్టిగా చెప్పాడు. ఇంకేం చెప్తాడు.

అదైనా ఓర్చుకోవచ్చు, నిప్పు నిప్పే, వెచ్చదనం అబద్ధమాడదు, గోడ వేడెక్కితే ఆమె నమ్ముతుంది అనుకున్నాడు. కానీ గోడ. అరచెయ్యి తీశాడు, చెంప ఆనించి చూశాడు. ఏమీ లేదు. లేచి ముందుగది దాటి బయటికి వెళ్ళాడు. వాకిట్లో కోల్మన్ వానలోనే నిచ్చెన వ్యాను మీదికి ఎక్కించి కడుతున్నాడు.

"ఒరేయ్, అవతలి గది గోడ ఎప్పటికి వేడెక్కుద్దిరా?"

"గోడా? గోడ వేడెక్కడమేంటి బాబాయ్?" నవ్వాడు కోల్మన్. "గోడ వేడెక్కితే నేను పని చెడగొట్టినట్టు లెక్క. రవ్వంత కూడా అటు పోదు, మొత్తం మీ ముందుగదిలోకే. మరి ఆ గింజలన్నీ దట్టించింది ఎందుకనుకున్నావ్?"

ఫెస్టస్ వెనకగది కిటికీ వైపు తిరిగాడు. కోల్మన్ అతని మొహం చూశాడు, ఇంటివైపు చూశాడు, వెనకగది కిటికీ చూశాడు. తాడు వదిలేసి మెల్లగా టోపీ తీశాడు.

"పెద్దమ్మ మంచం... ఆ గోడకేనా?"

"పుట్టినప్పటినుంచి."

"ఒక్క మాట అడిగుంటే..."

"ఏమని అడగాలో తెలిస్తేగా." అన్నాడు ఫెస్టస్. "తీసెయ్యొచ్చా? ఆ గింజలు?"

"గొట్టం మళ్ళీ పైకి లాగాలి, పొయ్యి పీకాలి. వారం పడుద్ది బాబాయ్."

వారం. ఆమె ఊపిరికి ఊపిరికి మధ్య ఖాళీ గుర్తొచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పొగ ఆపాలనుకున్నాం, ఆపాం, పొగతో పాటే వచ్చే ఆ ఒక్క సుఖాన్నీ మనమే సంచులు మోసి మరీ పూడ్చాం, పూడుస్తుంటే వాన పడుతోందని నవ్వుకున్నాం. వాడి మీద కోపం రాలేదు, వాడు పని చక్కగానే చేశాడు, అదే తంటా. ఫెస్టస్ వెనక్కి తిరగబోతూ తోపుడుబండి చూశాడు. పీకేసిన పాత ఇటుకలు అందులో వానకు తడుస్తున్నాయి, మసిపట్టి, మంట తిని తిని ఒకవైపు గాజులా మెరుస్తూ. ఇన్నేళ్ళూ మంటకూ గోడకూ మధ్య నిలబడి వేడిని అటు చేరవేసింది ఇవే. సగానికి పగిలిన ఇటుక ఒకటి ఏరుకుని, చొక్కాకు తుడిచి, లోపలికి తీసుకెళ్ళాడు. కొత్త పొయ్యి తలుపు తెరిచి పట్కారుతో నిప్పుల పక్కన పెట్టాడు. తడి ఆరుతూ చుయ్యిమంది. మోకాళ్ళ మీద కూర్చుని కాపలా కాశాడు, కాస్తూ ఏడ్చాడు, అక్కకు వినపడకుండా, నోట్లో చెయ్యి పెట్టుకుని. పట్కారుతో బయటికి తీసి, కాస్త చల్లారనిచ్చి, తన పాత ఫ్లానెల్ చొక్కాలో చుట్టాడు.

ఆమె చెయ్యి గోడ మీంచి జారి పరుపు మీద పడి ఉంది. గోడకూ పరుపుకూ మధ్య సందులో ఇటుక నిలబెట్టి, చెయ్యి ఎత్తి దాని మీద ఆనించాడు. వేళ్ళు కదిలాయి. వెతికాయి. ఆగాయి. ఊపిరి ఒకటి పొడుగ్గా లోపలికి వెళ్ళింది.

"ఆఁ" అంది సబీనా. "వచ్చింది."

"చెప్పలేదా? రాతిగోడ, టైం పడుతుందని."

ఆమె వేళ్ళు గుడ్డ అంచును తడిమాయి. తరువాత ఆమె పెదవి ఒక కొస పైకి లేచింది, చిన్నప్పుడు అతని వంతు కాజేసి గురక నటించేటప్పుడు లేచినట్టే. "ఒరేయ్ పిచ్చోడా. గోడకి చొక్కా ఎవడ్రా తొడిగింది?"

అతను ఇటుక మీద గుడ్డ సర్దాడు. "అక్కా, ముందుగదికి ఎత్తుకెళ్తాను. మంట కళ్ళారా చూద్దువుగాని."

"పోయినవారం ఎత్తావుగా. గుమ్మం దాటకుండానే పెదాలు నీలమయ్యాయని నర్సు నిన్ను తిట్టలా? ఈసారి దారిలోనే పోతాను. దారిలో పోవడం నాకిష్టంలేదు." ఊపిరి కూడదీసుకుంది. "ఉంచు. బాగుంది." మళ్ళీ కూడదీసుకుంది. "నిప్పు ఉందిగా?"

"ఉందక్కా."

"మనదేగా?"

"మనదే."

ఆమె ఆ మాటను నమ్మిందో, నమ్మినట్టు అతనికి కనిపించాలనుకుందో, అది కూడా గోడకు తొడిగిన చొక్కాలాంటిదేనని తెలిసిపోయిందో, ఆ మొహంలో ఏమీ తెలియలేదు. "చీకటి పడుతోంది. కప్పాలి" అంది. ఆ పొయ్యిలో కప్పడం కుదరదని, బూడిద ట్రేలోకి జారిపోతుందని, రాత్రికి గాలి మీట తగ్గించి వదిలెయ్యాలని కోల్మన్ చెప్పాడు. అదేమీ చెప్పలేదు. "నువ్వు చెప్పు, నేను కప్పుతాను" అన్నాడు. ఆ ప్రార్థన అతనికి రాదు. అది ఆడవాళ్ళది, తల్లి నుంచి కూతురికి వెళ్ళేది, జీవితమంతా ప్రతి రాత్రీ గోడ అవతలినుంచి ఒక గుసగుసలా విన్నాడు, నిద్రకు అదే జోల, ఒక్క మాట కూడా స్పష్టంగా వినలేదు.

"నా వెనకే అను" అంది. "కప్పుతున్నాను ఈ నిప్పును, తల్లి బిడ్డను కప్పినట్టు."

"కప్పుతున్నాను ఈ నిప్పును, తల్లి బిడ్డను కప్పినట్టు."

"లోపల పడుకున్నవాళ్ళకు ఇది కాపలా, దారి తప్పినవాళ్ళకు ఇది గుర్తు."

"లోపల పడుకున్నవాళ్ళకు ఇది కాపలా," అన్నాడు, ఇన్నేళ్ళూ ఇదా అంటున్నది, ఇదా, మన గురించా, "దారి తప్పినవాళ్ళకు ఇది గుర్తు."

"బ్రిజిడ్ తల్లీ, నీ కొంగు దీనిమీద పరువు, తెల్లారేదాకా..."

"బ్రిజిడ్ తల్లీ, నీ కొంగు దీనిమీద పరువు," అన్నాడు ఫెస్టస్, "తెల్లారేదాకా."

ఆగాడు. బయట కోల్మన్ వ్యాను స్టార్టయి, వెళ్ళడానికి మనసు రాక మళ్ళీ ఆగింది. అవతల పొయ్యిలో కట్టె ఒకటి కూలి నిప్పులు సర్దుకున్న చప్పుడైంది. ఖాళీ ఎప్పుడూ ఉండేదే, రెండు ఊపిరుల మధ్య, కాసేపు ఓపిక పడితే దాటిపోతుంది, పొద్దున్నుంచీ దాటిపోతూనే ఉంది. ఆమె చేతి మీద తన చెయ్యి పెట్టాడు. కింద ఇటుక ఇంకా వెచ్చగానే ఉంది.

"తెల్లారేదాకా ఏంటక్కా?" అన్నాడు. "తరువాత ఏమనాలి?"